ఓటు లేని దీవుల నుంచి లోక్‌సభ స్థానం వరకు: అండమాన్ నికోబార్‌లో తొలి ప్రత్యక్ష ఎన్నిక

స్వతంత్ర భారతదేశంలో తొలి సార్వత్రిక ఎన్నికలు 1951 అక్టోబర్ నుంచి 1952 ఫిబ్రవరి వరకు జరిగాయి. ఇరవై ఒక్క ఏళ్లు నిండిన ప్రతి పౌరునికీ ఓటు హక్కు దక్కింది. ఆ ఎన్నికల్లో సుమారు 17.3 కోట్ల మంది పేర్లు ఓటర్ల జాబితాలకు ఎక్కాయి. అయితే బంగాళాఖాతానికి ఆవలి అంచున ఉన్న అండమాన్ నికోబార్ దీవుల్లో ఆనాడు పోలింగ్ జరగలేదు. అక్కడ అభ్యర్థులు లేరు, ప్రచారం లేదు, బ్యాలెట్ పెట్టెలు లేవు. దీవుల తరఫున లోక్‌సభలో కూర్చునే ఏకైక సభ్యుణ్ణి రాష్ట్రపతి నియమించారు. 1957, 1962 ఎన్నికల్లోనూ ఇదే పద్ధతి కొనసాగింది. దీవుల ప్రజలు తమ పార్లమెంటు సభ్యుణ్ణి తామే ఎన్నుకునే అవకాశం 1967లో, నాలుగో సార్వత్రిక ఎన్నికల్లో వచ్చింది. తొలి మూడు లోక్‌సభల కాలంలో దీవులకు దక్కిన ప్రాతినిధ్యం ఎటువంటిది, అది ఎన్నికగా ఎలా మారింది, ఆ మార్పులో తెలుగు నేలతో ముడిపడిన అంశాలు ఏమిటి అన్న విషయాలు ఈ వ్యాసంలో.

శిక్షాస్థలం నుంచి కేంద్రపాలిత ప్రాంతంగా

1857 తిరుగుబాటు అనంతరం, 1858లో బ్రిటిష్ ప్రభుత్వం అండమాన్‌లో ఖైదీల స్థావరాన్ని ఏర్పాటు చేసింది. 1896లో మొదలైన సెల్యులార్ జైలు నిర్మాణం 1906లో పూర్తయింది. ఉపఖండం నలుమూలల నుంచి సామాన్య నేరస్థులు, రాజకీయ ఖైదీలు ఇక్కడికి వచ్చారు. శిక్షాకాలం ముగిసిన పిమ్మట కొందరు అక్కడే కాపురాలు పెట్టి సేద్యం చేసుకున్నారు. మలబారు మాప్పిళ్లలు, ఉత్తర భారతదేశానికి చెందిన భంతులు, బర్మా నుంచి వచ్చిన కరెన్లు, అడవి పనులకు ఛోటానాగ్‌పూర్ నుంచి తరలివచ్చిన కూలీలు వేర్వేరు కాలాల్లో ఈ సమాజంలో కలిశారు. భాష, మతం, కులం కలగలిసిన ఈ జనాన్ని స్థానికంగా పుట్టినవారు అన్న అర్థంలో 'లోకల్ బార్న్' అని వ్యవహరించసాగారు.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1942 మార్చి నుంచి 1945 వరకు, దీవులు జపాన్ ఆక్రమణలో ఉన్నాయి. యుద్ధానంతరం ఖైదీల స్థావరాన్ని రద్దు చేశారు. 1951 జనగణన నాటికి దీవుల జనాభా 30,971 మాత్రమే. 1941లో అది 33,768. దేశమంతటా జనాభా పెరిగిన దశాబ్దంలో ఇక్కడ తగ్గింది. ఖైదీల స్థావరం రద్దు కావడం, ఆక్రమణ కాలపు మరణాలు, వలసలు ఈ తరుగుదలకు నేపథ్యం. ఆ తరువాత తూర్పు బెంగాల్ శరణార్థుల పునరావాసం పెద్ద ఎత్తున సాగింది. కేరళ, తమిళనాడు, బీహార్ ప్రాంతాల నుంచీ కుటుంబాలు వచ్చాయి. 1961 నాటికి జనాభా 63,548కి, 1971 నాటికి 1,15,133కి చేరింది. అంటే నియమిత సభ్యుల కాలం మొదలైనప్పటి జనసంఖ్యకు, తొలి ఎన్నిక జరిగిన దశాబ్దం చివరి జనసంఖ్యకు మధ్య దాదాపు నాలుగింతల తేడా ఉంది.

రాజ్యాంగంలో ప్రత్యేక స్థానం

1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం దేశాన్ని ఎ, బి, సి భాగాల రాష్ట్రాలుగా వర్గీకరించింది. నాలుగోదైన డి భాగంలో ఉన్నది ఒక్క అండమాన్ నికోబార్ దీవులే. అప్పటి 243వ అధికరణం ప్రకారం ఈ భూభాగాన్ని రాష్ట్రపతి చీఫ్ కమిషనర్ ద్వారా గాని, తాను నియమించిన మరో అధికారి ద్వారా గాని పరిపాలిస్తారు. దీవుల శాంతికి, సుపరిపాలనకు అవసరమైన నిబంధనలు చేసే అధికారం కూడా రాష్ట్రపతిదే. ఆ నిబంధనలకు పార్లమెంటు చట్టంతో సమానమైన బలం ఉంటుంది. అవి దీవులకు వర్తించే పార్లమెంటు చట్టాలను సైతం సవరించగలవు, రద్దు చేయగలవు.

లోక్‌సభ ప్రాతినిధ్యం విషయంలోనూ ప్రత్యేక ఏర్పాటే జరిగింది. సి భాగం రాష్ట్రాలకు, రాష్ట్రాల్లో చేరని భూభాగాలకు సాధారణ పద్ధతికి భిన్నంగా ప్రాతినిధ్యం కల్పించే అధికారాన్ని నాటి 82వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చింది. ఆ మేరకు 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం దీవులకు ఒక స్థానాన్ని కేటాయించి, దాన్ని రాష్ట్రపతి నియామకం ద్వారా భర్తీ చేయాలని నిర్దేశించింది.

తొలి లోక్‌సభలో మొత్తం 499 స్థానాలు ఉండగా 489 ప్రత్యక్ష ఎన్నిక ద్వారా నిండాయి. మిగిలిన పదింటిలో ఆరు జమ్మూ కశ్మీర్‌వి, రెండు ఆంగ్లో ఇండియన్లవి, ఒకటి అస్సాంలోని గిరిజన ప్రాంతాలది, ఒకటి అండమాన్ నికోబార్‌ది.

నాటి పరిస్థితులను గమనిస్తే ఈ ఏర్పాటుకు ఆధారమైన ఇబ్బందులు కనిపిస్తాయి. ఉత్తరం నుంచి దక్షిణానికి ఏడు వందల కిలోమీటర్లకు పైగా పరచుకున్న దీవులు, అండమాన్‌ను నికోబార్ నుంచి వేరుచేసే పదో డిగ్రీ జలసంధి, ముప్పై వేల జనాభా, బయటివారితో సంబంధం పెట్టుకోని ఆదిమ తెగలు ఒకవైపు ఉన్నాయి. మరోవైపు, అదే కాలంలో హిమాలయ సానువుల్లోని మారుమూల గ్రామాల్లో సైతం పోలింగ్ నిర్వహించిన ఎన్నికల సంఘం అనుభవం ఉంది. హిమాచల్ ప్రదేశ్‌లోని చినీ ప్రాంతంలో మంచు కురవకముందే, 1951 అక్టోబర్‌లో, దేశంలోని తొలి ఓట్లు పడ్డాయి. దూరం, దుర్గమత్వం మాత్రమే ఓటుకు అడ్డంకి కావన్న వాదనకు అది ఉదాహరణగా నిలిచింది.

తొలి ప్రతినిధి బిషప్ రిచర్డ్‌సన్

1952లో రాష్ట్రపతి నియమించిన తొలి సభ్యుడు బిషప్ జాన్ రిచర్డ్‌సన్. కార్ నికోబార్ ద్వీపంలోని మూస్ గ్రామానికి చెందిన ఆయన నికోబారీ తెగవారు. బర్మాలో చదువుకుని స్వగ్రామానికి తిరిగివచ్చి ఉపాధ్యాయునిగా, మత ప్రబోధకునిగా పనిచేశారు. లిపి లేని నికోబారీ భాషను రోమన్ అక్షరాల్లో రాసే పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చి, క్రైస్తవ గ్రంథాలను ఆ భాషలోకి అనువదించారు. జపాన్ ఆక్రమణ కాలంలో గూఢచర్యం ఆరోపణలపై నిర్బంధానికి గురయ్యారు. మరణశిక్ష అంచు దాకా వెళ్లిన ఆయనకు జపాన్ లొంగుబాటుతో ప్రాణాలు దక్కాయి. 1950లో సహాయ బిషప్‌గా అభిషిక్తులయ్యారు. 1966లో అండమాన్ నికోబార్ ప్రత్యేక డయోసిస్‌గా ఏర్పడినప్పుడు దానికి తొలి బిషప్ ఆయనే.

రిచర్డ్‌సన్ ఎంపిక ప్రజల ఓటుతో జరగలేదు. అయినా ఆయన దీవుల మూలవాసుల్లో ఒకరు, యుద్ధ కాలపు కష్టాలను స్వయంగా అనుభవించినవారు. ఆయన తరువాత 1957లో లక్ష్మణ్ సింగ్, 1962లో నిరంజన్ లాల్ నియమితులయ్యారు. వీరిద్దరూ కాంగ్రెస్ పక్షానికి చెందినవారు.

ఒకే సభలో ఇద్దరు పూర్వ ఖైదీలు

తొలి లోక్‌సభ కూర్పులో తెలుగు పాఠకులకు ఆసక్తి కలిగించే విశేషం ఒకటి ఉంది. 1922–24 నాటి మన్యం తిరుగుబాటులో అల్లూరి సీతారామరాజు అనుచరునిగా పోరాడిన గాం మల్లుదొర పట్టుబడి, అండమాన్ కారాగారవాసం అనుభవించి 1937లో విడుదలయ్యారు. 1952లో విశాఖపట్నం ద్విసభ్య నియోజకవర్గం నుంచి స్వతంత్ర అభ్యర్థిగా ఆయన లోక్‌సభకు ఎన్నికయ్యారు. అదే నియోజకవర్గం నుంచి ఎన్నికైన రెండో సభ్యుడు లంకా సుందరం కూడా స్వతంత్రుడే.

ఆ విధంగా, బ్రిటిష్ ప్రభుత్వం ఖైదీగా అండమాన్‌కు పంపిన మన్యం వీరుడు ప్రజల ఓట్లతో పార్లమెంటులో అడుగుపెట్టారు. అండమాన్ సమూహానికి ప్రాతినిధ్యం వహించిన వ్యక్తి, తానూ పరాయి పాలకుల నిర్బంధాన్ని చవిచూసినవారే అయినా, నియామక పత్రంతో అదే సభలో ప్రవేశించారు. ఇద్దరూ సభలో మాట్లాడగలరు, బిల్లులపై ఓటు వేయగలరు. ఒకరి వెనుక ఓటర్లు ఉన్నారు. మరొకరి వెనుక రాష్ట్రపతి ఉత్తర్వు ఉంది.

ఈ తేడా సామాన్యుని జీవితంలో ఇంకా స్పష్టంగా కనిపించేది. 1952లో శ్రీకాకుళం తీరంలో నివసించే వయోజనునికి శాసనసభకు ఒక ఓటు, లోక్‌సభకు ఒక ఓటు ఉన్నాయి. అదే వ్యక్తి బతుకుతెరువు కోసం ఓడ ఎక్కి పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడితే ఆ రెండూ పోయినట్టే. పౌరసత్వం మారలేదు, పన్నులు మారలేదు. సముద్రం దాటినంత మాత్రాన ఓటు మిగల్లేదు.

ఇవతలి తీరంలో ఎన్నికల సందడి

దీవుల్లో ఓటు లేని ఆ సంవత్సరాల్లో తెలుగు ప్రాంతం దేశంలోనే అత్యంత తీవ్రమైన ఎన్నికల పోటీలకు వేదికగా ఉంది. 1952 మద్రాసు శాసనసభ ఎన్నికల్లో ఆంధ్ర జిల్లాల నుంచి కమ్యూనిస్టులు నలభైకి పైగా స్థానాలు గెలిచి కాంగ్రెస్‌కు దీటుగా నిలిచారు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. టంగుటూరి ప్రకాశం మంత్రివర్గం 1954 నవంబర్‌లో మద్యనిషేధం అంశంపై అవిశ్వాస తీర్మానంలో ఓడిపోయింది. దాంతో 1955 ఫిబ్రవరిలో మధ్యంతర ఎన్నికలు వచ్చాయి.

196 స్థానాలకు జరిగిన ఆ ఎన్నికల్లో కాంగ్రెస్, కృషికార్ లోక్ పార్టీ, ప్రజా పార్టీ కూటమిగా ఏర్పడి కమ్యూనిస్టు పార్టీని ఎదుర్కొన్నాయి. కాంగ్రెస్‌కు 119, కృషికార్ లోక్ పార్టీకి 22, ప్రజా పార్టీకి 5 చొప్పున కూటమికి 146 స్థానాలు లభించాయి. కమ్యూనిస్టులు 15 స్థానాలకు, ప్రజా సోషలిస్టులు 13 స్థానాలకు పరిమితమయ్యారు. 22 మంది స్వతంత్రులు గెలిచారు. కమ్యూనిస్టు పార్టీకి పోలైన ఓట్లలో సుమారు 31 శాతం వచ్చినా స్థానాలు మాత్రం అతి తక్కువగా దక్కాయి. ఆ తరువాత బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు.

పెద్ద పార్టీ, చిన్న పార్టీ, స్వతంత్రుడు అన్న భేదాలు ఫలితాన్ని ఎలా మలుస్తాయో ఆంధ్ర ఓటరు ఈ విధంగా అనుభవపూర్వకంగా తెలుసుకున్నాడు. ప్రభుత్వాన్ని గద్దె దించడం, కూటములను గెలిపించడం, స్థానిక పలుకుబడి గల వ్యక్తిని పార్టీలకు అతీతంగా పంపడం వంటివన్నీ అతని చేతిలో ఉన్నాయి. అండమాన్ వాసికి ఈ పాఠాల్లో ఏదీ అప్పటికి అందుబాటులో లేదు.

క్రమంగా వచ్చిన మార్పు

1956 నవంబర్ 1న రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణతో పాటు రాజ్యాంగ ఏడో సవరణ అమల్లోకి వచ్చింది. ఎ, బి, సి, డి వర్గీకరణ రద్దయింది. అండమాన్ నికోబార్ దీవులు కేంద్రపాలిత ప్రాంతమయ్యాయి. హోదా మారినా రాష్ట్రపతి నిబంధనలు చేసే అధికారం 240వ అధికరణంలో కొనసాగింది; లోక్‌సభ సభ్యుని నియామక పద్ధతీ కొనసాగింది.

ఈలోగా స్థానిక సంస్థల స్థాయిలో కదలిక మొదలైంది. 1957లో పురపాలక మండలి నిబంధన, 1961లో గ్రామ పంచాయతీల నిబంధన వచ్చాయి. పట్టణ సమస్యలకు, గ్రామ పనులకు ప్రతినిధులను ఎన్నుకునే అలవాటు ఏర్పడసాగింది. దీంతో వింత పరిస్థితి తలెత్తింది. ఊరి బావి గురించి నిర్ణయించే వ్యక్తిని ఎన్నుకోగల పౌరునికి, దీవుల బడ్జెట్‌ను ఆమోదించే పార్లమెంటుకు సభ్యుణ్ణి ఎన్నుకునే వీలు లేదు.

1963లో కేంద్రపాలిత ప్రాంతాల ప్రభుత్వ చట్టం హిమాచల్ ప్రదేశ్, మణిపూర్, త్రిపుర, గోవా, పాండిచ్చేరిలకు శాసనసభలు కల్పించింది. అండమాన్ నికోబార్ ఆ జాబితాలో లేదు. అందువల్ల లోక్‌సభ స్థానమే దీవులకు చట్టసభతో ఉన్న ఏకైక బంధంగా మిగిలింది. ఆ ఒక్క స్థానాన్ని కూడా నియామకంతో నింపడం ఎంతవరకు సబబన్న ప్రశ్నకు బలం చేకూరింది.

1965లో పార్లమెంటు దీనికి సమాధానం ఇచ్చింది. కేంద్రపాలిత ప్రాంతాల లోక్‌సభ ప్రత్యక్ష ఎన్నికల చట్టం ఆ ఏడాది ఆమోదం పొందింది. అండమాన్ నికోబార్ దీవులు, నాటి లక్కదీవులు, దాద్రా నగర్ హవేలీ ప్రాంతాలకు ప్రత్యక్ష ఎన్నిక వర్తించింది. ఈశాన్య సరిహద్దు ప్రాంతానికి మాత్రం నియామక పద్ధతే కొనసాగింది. నేటి అరుణాచల్ ప్రదేశ్ ప్రజలు లోక్‌సభకు తొలిసారి ఓటు వేసింది 1977లో.

1967: తొలి పోలింగ్

నాలుగో లోక్‌సభ ఎన్నికలు 1967 ఫిబ్రవరిలో జరిగాయి. ప్రత్యక్షంగా ఎన్నికయ్యే స్థానాల సంఖ్య 494 నుంచి 520కి పెరిగింది. జమ్మూ కశ్మీర్ కూడా లోక్‌సభకు ప్రత్యక్ష ఎన్నికల్లో తొలిసారి పాల్గొన్నది అప్పుడే. అండమాన్ నికోబార్ దీవులన్నీ కలిపి ఒకే నియోజకవర్గం; అది జనరల్ స్థానం.

ప్రధాన భూభాగంలో ఓటరు 1952, 1957 ఎన్నికల్లో అభ్యర్థికొక పెట్టె చొప్పున ఉంచిన గదిలోకి వెళ్లి, తనకు నచ్చిన గుర్తు అంటించిన పెట్టెలో కాగితం వేసేవాడు. ఆ పద్ధతి పోయి, అభ్యర్థులందరి పేర్లు, గుర్తులు ఉన్న ఒకే బ్యాలెట్ పత్రంపై ముద్ర వేసే విధానం 1962 నాటికి విస్తరించింది. అందువల్ల దీవుల ఓటరు పాత పద్ధతి చూడనే లేదు. అతని తొలి అనుభవమే ముద్ర వేయడం. చూపుడు వేలిపై చెరగని సిరా, బ్యాలెట్‌పై కాంగ్రెస్ కాడి జోడెడ్ల గుర్తు వంటివి మిగతా దేశానికి అప్పటికే పరిచయం కాగా, ఇక్కడ లోక్‌సభ ఎన్నికకు కొత్తవి.

మరో తేడా కూడా ఉంది. లోక్‌సభకు, శాసనసభలకు దేశమంతటా దాదాపు ఏకకాలంలో ఎన్నికలు జరిగిన చివరి సందర్భం 1967. ఇతర రాష్ట్రాల్లో ఓటరు చేతికి రెండు బ్యాలెట్ పత్రాలు వచ్చాయి. అండమాన్ ఓటరుకు ఒక్కటే వచ్చింది. శాసనసభ లేదు గనుక ఆ ఒక్క ఓటే ప్రభుత్వంపై అతని తీర్పు.

ఈ తొలి ఎన్నికలో భారత జాతీయ కాంగ్రెస్ అభ్యర్థి కె.ఆర్. గణేశ్ విజయం సాధించారు. 1971లోనూ ఆయనే తిరిగి ఎన్నికై, ఇందిరాగాంధీ ప్రభుత్వంలో ఆర్థిక శాఖ సహాయమంత్రిగా పనిచేశారు. నియామక సభ్యుల కాలం ముగిసిన కొన్నేళ్లకే దీవుల ప్రతినిధి కేంద్ర మంత్రిమండలిలో చోటు సంపాదించడం గమనార్హం.

1967 నాటి జాతీయ వాతావరణం కాంగ్రెస్‌కు అంత అనుకూలంగా లేదు. ఆ పార్టీ లోక్‌సభలో 283 స్థానాలతో బయటపడింది, పలు రాష్ట్రాల్లో అధికారం కోల్పోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 41 స్థానాలకు గాను 35 గెలిచినా, దీవులకు అభిముఖంగా ఉన్న ఉత్తరాంధ్ర తీరంలో ఎదురుదెబ్బలు తగిలాయి. శ్రీకాకుళంలో స్వతంత్ర పార్టీ నేత గౌతు లచ్చన్న గెలిచారు. ఉక్కు ఉద్యమ వేడి చల్లారని విశాఖపట్నంలో తెన్నేటి విశ్వనాథం నెగ్గారు. సముద్రానికి ఇటువైపు ఓటరు కాంగ్రెస్‌ను కాదన్న ప్రాంతంలో, అటువైపు కొత్త ఓటరు దానికే పట్టం కట్టాడు.

లక్కదీవుల్లో వేరొక ఫలితం వచ్చింది. అక్కడి తొలి ప్రత్యక్ష ఎన్నికలో పి.ఎం. సయీద్ స్వతంత్ర అభ్యర్థిగా గెలిచారు. ఆ తరువాత ఆయన కాంగ్రెస్‌లో చేరి దశాబ్దాల పాటు ఆ స్థానాన్ని నిలుపుకున్నారు.

రాష్ట్రపతి ఎన్నికలో తొలి ఓటు

ప్రత్యక్ష ఎన్నిక వల్ల దీవులకు సంక్రమించిన హక్కు మరొకటి ఉంది. రాజ్యాంగం 54వ అధికరణం ప్రకారం రాష్ట్రపతిని ఎన్నుకునే హక్కు పార్లమెంటు ఉభయసభల్లోని ఎన్నికైన సభ్యులకు, రాష్ట్ర శాసనసభల్లోని ఎన్నికైన సభ్యులకు మాత్రమే ఉంది. నియమిత సభ్యులకు లేదు. కనుక 1952, 1957, 1962 రాష్ట్రపతి ఎన్నికల్లో అండమాన్ సభ్యునికి ఓటు లేదు. తనను నియమించే రాష్ట్రపతిని ఎన్నుకోవడంలో ఆ సభ్యునికి పాత్ర లేదన్నమాట.

1967 మే 6న జరిగిన రాష్ట్రపతి ఎన్నికలో ఈ స్థితి మారింది. ఆ ఎన్నికలో ప్రతి పార్లమెంటు సభ్యుని ఓటు విలువ 576. దీవుల సభ్యుని ఓటుకూ అంతే విలువ. కాంగ్రెస్ అభ్యర్థి జాకీర్ హుస్సేన్‌కు 4,71,244, ప్రతిపక్షాల అభ్యర్థిగా నిలిచిన సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావుకు 3,63,971 విలువైన ఓట్లు వచ్చాయి. పౌరుల ప్రాథమిక హక్కులను పార్లమెంటు సవరణతో తగ్గించరాదని గోలక్‌నాథ్ కేసులో తీర్పు వెలువరించిన తెలుగు న్యాయమూర్తి పోటీలో ఉన్న ఎన్నికే, అండమాన్ ప్రతినిధి ఓటు హక్కుతో పాల్గొనదగిన తొలి రాష్ట్రపతి ఎన్నిక కావడం కాకతాళీయమే అయినా చెప్పుకోదగినది.

ఎన్నికతో వచ్చినవి, రానివి

నియామకంలో సభ్యుడు తన స్థానానికి కేంద్ర ప్రభుత్వ సలహాకు రుణపడి ఉంటాడు. దీవుల పరిపాలనా కేంద్రం చేతిలోనే ఉంది. ప్రశ్నించవలసిన ప్రభుత్వమే ప్రశ్నించేవాణ్ణి ఎంపిక చేయడం ఈ పద్ధతిలోని మూల లోపం. ఓడలు, ఆసుపత్రులు, భూమి పట్టాలు, తాగునీరు వంటి నిత్య సమస్యలపై సభ్యుణ్ణి నిలదీసే సాధనం ప్రజలకు లేదు. ప్రత్యక్ష ఎన్నిక ఈ లోపాన్ని సరిదిద్దింది. అయిదేళ్లకోసారి ఓటరు ముందుకు రావలసిన అవసరం సభ్యునికి ఏర్పడింది.

అయితే ఈ మార్పులో నష్టపోయిన అంశమూ ఒకటి ఉంది. నియామక పద్ధతి తొలి ప్రతినిధిగా నికోబారీ తెగ వ్యక్తిని పార్లమెంటుకు పంపింది. 1967 తరువాత ఈ జనరల్ స్థానం నుంచి గెలిచిన కె.ఆర్. గణేశ్, మనోరంజన్ భక్త, విష్ణుపద రే, కుల్దీప్ రాయ్ శర్మలలో ఎవరూ నికోబారీలు కారు. వలసలతో పెరిగిన జనాభాలో మూలవాసులు అల్పసంఖ్యాకులుగా మారడం దీనికి ప్రధాన కారణం. 2011 జనగణనలో షెడ్యూల్డ్ తెగల వాటా 7.5 శాతం మాత్రమే. ఎన్నిక మెజారిటీకి గొంతు ఇస్తుంది. అల్పసంఖ్యాకులకు ఆ గొంతు దానంతట అదే దక్కదు.

ఆదిమ తెగల సంగతి మరీ భిన్నం. 1967 నాటికి జారవాలు బయటివారితో స్నేహ సంబంధాలు ఏర్పరచుకోలేదు. సెంటినలీస్ నేటికీ దూరంగానే ఉన్నారు. గ్రేట్ నికోబార్ అడవుల్లో నివసించే షోంపెన్ తెగకు చెందిన ఏడుగురు 2024 లోక్‌సభ ఎన్నికల్లో తొలిసారి ఓటు వేశారు. దీవుల తొలి పోలింగ్‌కు, ఈ ఏడు ఓట్లకు మధ్య దూరం 57 ఏళ్లు.

తదనంతర పరిణామాలు

1977లో కాంగ్రెస్ దేశవ్యాప్తంగా ఓడిపోయి 154 స్థానాలకు పడిపోయినప్పుడు, ఆ పార్టీ అభ్యర్థి మనోరంజన్ భక్త అండమాన్ స్థానాన్ని గెలిచారు. ఆంధ్రప్రదేశ్ కూడా ఆ ఎన్నికల్లో 42లో 41 స్థానాలు కాంగ్రెస్‌కే ఇచ్చింది. ఉత్తరాది గాలికి బంగాళాఖాతపు రెండు తీరాలూ లోబడలేదు. భక్త 1977 నుంచి 1998 వరకు వరుసగా ఏడు సార్లు, 2004లో మరోసారి ఎన్నికయ్యారు. 1999లో భారతీయ జనతా పార్టీ అభ్యర్థి విష్ణుపద రే గెలుపుతో ఇక్కడ కాంగ్రెస్ ఏకఛత్రాధిపత్యం ముగిసింది. రే 2009, 2014లలోనూ నెగ్గారు. 2019లో కాంగ్రెస్ అభ్యర్థి కుల్దీప్ రాయ్ శర్మ 1,407 ఓట్ల స్వల్ప ఆధిక్యంతో గెలిచారు. 2024లో రే 24,396 ఓట్ల ఆధిక్యంతో స్థానాన్ని తిరిగి దక్కించుకున్నారు. అప్పటి ఓటర్లు సుమారు 3.15 లక్షలు. ఇంత చిన్న నియోజకవర్గంలో చిన్న పార్టీలు, స్వతంత్రులు చీల్చే కొన్ని వందల ఓట్లు సైతం ఫలితాన్ని తారుమారు చేయగలవని 2019 నాటి ఆధిక్యం సూచిస్తుంది.

దీవుల రాజకీయాల్లో తెలుగువారు

2011 జనగణన ప్రకారం దీవుల జనాభాలో తెలుగు మాతృభాషగా గలవారు 13.24 శాతం. బెంగాలీ, హిందీ, తమిళం తరువాత నాలుగో స్థానం తెలుగుదే. వీరిలో అధికులు ఉత్తరాంధ్ర తీర జిల్లాల నుంచి వచ్చిన మత్స్యకారులు, నిర్మాణ కార్మికులు, చిరు వ్యాపారులు, వారి సంతతి. విశాఖపట్నం నుంచి సుమారు 1,200 కిలోమీటర్ల సముద్ర ప్రయాణం చేసి వీరు ఇక్కడ స్థిరపడ్డారు.

ఈ జనసంఖ్య ఎన్నికల లెక్కల్లోకి రావడానికి కాలం పట్టింది. 2022లో జరిగిన పోర్ట్ బ్లెయిర్ పురపాలక మండలి ఎన్నికల్లో 24 స్థానాలకు గాను తెలుగుదేశం పార్టీ రెండు గెలుచుకుంది. పెద్ద పార్టీల్లో దేనికీ స్పష్టమైన ఆధిక్యం రాకపోవడంతో ఆ రెండు స్థానాలకు ప్రాధాన్యం ఏర్పడింది. 2023 మార్చిలో భారతీయ జనతా పార్టీ మద్దతుతో తెలుగుదేశం సభ్యురాలు ఎస్. సెల్వి మండలి అధ్యక్షురాలయ్యారు. ఆంధ్ర తీరంలో పుట్టిన ఒక ప్రాంతీయ పార్టీ, సముద్రం దాటి ఒక రాజధాని నగర పాలనకు నాయకత్వం వహించింది. 2024 సెప్టెంబర్‌లో ఆ నగరానికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు.

నేటి స్థితి

అండమాన్ నికోబార్‌కు నేటికీ శాసనసభ లేదు, రాజ్యసభలో స్థానం లేదు. లెఫ్టినెంట్ గవర్నర్ ఆధ్వర్యంలో కేంద్రమే పాలన సాగిస్తోంది. జిల్లా పరిషత్తులు, పంచాయతీలు, పురపాలక మండలి, నికోబార్‌లో గిరిజన మండళ్లు స్థానిక వ్యవహారాలు చూస్తాయి. దీవుల కోసం చట్టాలు చేసే సభలో వాటి తరఫున లేచి నిలబడే సభ్యుడు మాత్రం ఒక్కరే. 1952 నుంచి 1967 వరకు ఆ ఒక్కరిని పంపింది రాష్ట్రపతి ఉత్తర్వు. ఆ తరువాత పంపుతున్నది ఓటర్లు. ఇతర ప్రాంతాల్లో లోక్‌సభ ఎన్నిక అనేక ఎన్నికల్లో ఒకటి కాగా, ఇక్కడ పౌరుడు తనను పాలించే ప్రభుత్వంపై తీర్పు చెప్పగల ఏకైక సందర్భం అదే.